ప్రజాస్వామ్యంలో ప్రభుత్వ కుట్రలు ఎందుకు దాగవు?

ప్రభుత్వం తలుచుకుంటే ఏదైనా దాచేయగలదు కదా అని చాలామంది అడుగుతారు. కొంతకాలం దాచగలదు, నిజమే. కానీ పెద్ద కుట్ర ఒక్కరితో అయ్యే పని కాదు. ఆదేశం ఇచ్చేవారు, ఫైలు కదిపేవారు, డబ్బు విడుదల చేసేవారు కావాలి. వాళ్లలో ఒక్కరి మనస్సాక్షి ఎదురు తిరిగినా చాలు.

అమెరికాలో వాటర్‌గేట్ కుంభకోణం చూడండి. 1972 జూన్‌లో ప్రతిపక్ష డెమోక్రటిక్ పార్టీ ఆఫీసులో చొరబడిన ఐదుగురు దొరికిపోయారు. విలేకరులు వాళ్లకు అందిన డబ్బు జాడ పట్టుకుని అధ్యక్షుడు నిక్సన్ ఎన్నికల నిధి దాకా వెళ్లారు. అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో ఉన్న మార్క్ ఫెల్ట్ అనే అధికారే ఆ విలేకరులకు రహస్యంగా సాయం చేశాడు. నిక్సన్ తన ఆఫీసులో మాటలు రికార్డు చేయించిన టేపుల సంగతి సెనేట్ విచారణలో బయటపడింది, వాటిని ఇచ్చి తీరాలని సుప్రీంకోర్టు తేల్చింది. 1974 ఆగస్టులో నిక్సన్ రాజీనామా చేశారు. దేశాధ్యక్షుడే పూనుకున్నా రెండేళ్ల చిల్లర కంటే ఎక్కువ కాలం దాగలేదు.

నియంతృత్వంలోనూ లోపలివాళ్లకు నిజం తెలుస్తుంది. అచ్చేసే పత్రిక, వినే కోర్టు ఉండవు, అంతే.

అలాగని అన్నీ త్వరగా బయటపడవు. అమెరికాలోనే టస్కిగీ అనే ఊళ్లో, సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న నల్లజాతి పురుషులకు అసలు సంగతి చెప్పకుండా, చికిత్స ఇవ్వకుండా ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ సాగించిన అధ్యయనం 1932 నుంచి 1972 దాకా నడిచింది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. చివరికి దాన్ని ఆపించింది కూడా ఆ శాఖలోనే పనిచేసిన ఒక ఉద్యోగి విలేకరికి అందించిన సమాచారమే.