ఆన్‌లైన్ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్‌కి డబ్బు కట్టడం దండగా?

వేరే దేశంలో జరిగే సైన్స్ ఫిక్షన్ అభిమానుల కన్వెన్షన్‌కి ఆన్‌లైన్ మెంబర్‌షిప్ తీసుకుంటే గిట్టుబాటవుతుందా, లేక తర్వాత యూట్యూబ్‌లో దొరికినవి చూసుకుంటే చాలా అని అడిగారు. చర్చల కోసమే అయితే తీసుకోకండి. నలుగురు రచయితలు తెరమీద నాలుగు డబ్బాల్లో కూర్చుని గంటసేపు మాట్లాడటం ఎక్కడైనా చూడొచ్చు. నాలాగా పదిమందిలో నోరు పెగలని మనిషైతే మాత్రం తప్పకుండా తీసుకోండి.

నేను వెళ్లింది 2020లో, కాన్‌జీలాండ్‌కి. వెళ్లింది అంటే, కుర్చీలోంచి లేవకుండానే. అది 78వ వరల్డ్‌కాన్, అంటే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ కన్వెన్షన్. 1939లో న్యూయార్క్‌లో మొదలైన జాతర ఇది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల 1942 నుంచి 1945 వరకు ఆగింది. ఆ తర్వాత ఏటా ఏదో ఒక ఊళ్లో జరుగుతూనే ఉంది. ఆ ఏడు న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ వంతు. కోవిడ్ వచ్చిపడటంతో మొత్తం ఆన్‌లైన్‌కి మార్చేసి, జూలై 29 నుంచి ఆగస్టు 2 వరకు నడిపారు. వరల్డ్‌కాన్ పూర్తిగా ఆన్‌లైన్లో జరగడం అదే మొదటిసారి. చర్చలు జూమ్‌లో, కబుర్లు డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో. నడిపేవాళ్లంతా జీతం తీసుకోని వాలంటీర్లే.

ముందు నా తెలివితక్కువ పని చెప్తాను, మీకు పనికొస్తుంది. నేను ఆశపడ్డ ఒక చర్చ ఆగస్టు 1 ఉదయం 8 గంటలకు. వెల్లింగ్టన్ మనకంటే ఆరున్నర గంటలు ముందుంటుంది కాబట్టి మనకి రాత్రి ఒంటిగంటన్నర. లెక్క తప్పలేదు. ఒకటో తేదీ రాత్రి అలారం పెట్టుకుని లేచి, ఇంట్లోవాళ్లు లేవకుండా ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, లింక్ నొక్కితే ఎవరూ లేరు. ఒకటో తేదీ ఒంటిగంటన్నర అంటే ముప్పై ఒకటో తేదీ రాత్రి మేలుకోవాలి! చర్చ అయిపోయి అప్పటికే దాదాపు ఒక రోజైంది. అప్పటినుంచి క్యాలెండర్‌లో టైమ్ రాయను, 'శుక్రవారం పడుకోకు' అని రాసుకుంటాను.

దొరికిన వాటిలో నాకు గుర్తుండిపోయింది అనువాదాల మీద జరిగిన చర్చ. హాల్లో అయితే మైకు నా దాకా వచ్చినా పక్కవాళ్లకి ఇచ్చేసేవాణ్ణి. ఇక్కడ ప్రశ్నలు టైప్ చేసే చోటు ఒకటుంది. ఇంగ్లీషులో ఒక వాక్యం కొట్టి, చెరిపి, వ్యాకరణం చూసుకుని, మళ్లీ చెరిపి, ఓ పది నిమిషాలు కుస్తీ పట్టి పంపాను. 'అంతరిక్షంలోకి వెళ్లగానే అందరూ ఒకే భాష ఎందుకు మాట్లాడతారు? ఓడలో వంటవాడు చెయ్యి కాలితే ఏ భాషలో తిట్టుకుంటాడు?' మోడరేటర్ పైకి చదివింది. పాల్గొన్న రచయితల్లో ఒకావిడ పకపకా నవ్వి, తన కథలోని ఓడలో అసలు వంటవాడే లేడని ఒప్పేసుకుంది. ఇక్కడ నా చెవులు వేడెక్కాయి.

టైమ్ అవగానే జూమ్ మూసుకుపోతుంది. నల్లటి తెరలో మన మొహమే మనకి కనిపిస్తుంది. చాలామంది అక్కడే లాప్‌టాప్ మూసేసి, ఆన్‌లైన్ కన్వెన్షన్ చప్పగా ఉందంటారు. అప్పుడే డిస్కార్డ్ తెరవాలి. మామూలుగా హాలు బయట వరండాలో నిలబడి మాట్లాడుకునేదంతా ఆన్‌లైన్లో అక్కడికే చేరుతుంది. ఆ రోజు నేను వెళ్లేసరికి నా వంటవాడి మీదే గొడవ. ఎవరి భాషలో తిట్లు వాళ్లు రాసి అర్థాలు చెప్పుకుంటున్నారు. నేనూ మన వాటిలో కాస్త మర్యాదగా ఉన్నవి రెండు రాశాను. తెల్లారేదాకా నడిచింది. మాట్లాడమంటే రెండు వాక్యాలకే తడబడే నేను అక్కడ పేజీలకి పేజీలు కొట్టాను.

ఇంకోటి, కాఫీక్లాచ్ అని ఉంటుంది. కాఫీ, కబుర్లు అని అర్థమొచ్చే జర్మన్ మాట. ఒక రచయితతో చిన్న గుంపు కూర్చుని మాట్లాడుకోవడం. ముందే పేరు ఇవ్వాలి, సీట్లు చూస్తుండగానే అయిపోతాయి.

డబ్బు సంగతి. దీన్ని టికెట్ అనరు, మెంబర్‌షిప్ అంటారు. ఎందుకంటే సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డులకు ఓటు వేసేది ఈ సభ్యులే. నచ్చిన వరసలో 1, 2, 3 అని నంబర్లు ఇవ్వాలి. ఎవరికీ ఇవ్వొద్దనే గడి కూడా ఉంటుంది. తుది జాబితాలోని రచనలు చాలావరకు ఈబుక్‌లుగా ఓటర్లకి పంపుతారు, చదివేవాళ్లకి సగం డబ్బు అక్కడే వచ్చేసినట్టు. రాబోయే వరల్డ్‌కాన్ ఏ ఊళ్లో అన్నదీ ఓటుతోనే తేలుతుంది. ఆ ఏడు 2022 కోసం షికాగో, జెడ్డా పోటీపడితే షికాగో గెలిచింది. ఇప్పుడు ఓటు హక్కుకి వేరుగా, కార్యక్రమాలకి వేరుగా కట్టించుకుంటున్నారు. ఏది ఆన్‌లైన్‌కి పనికొస్తుందో చూసుకుని కట్టండి. రికార్డింగులు ఎన్నాళ్లు ఉంచుతారో కూడా అప్పుడే చూడండి.

మొదటిసారే అంత ఎందుకనుకుంటే ఫ్లైట్స్ ఆఫ్ ఫౌండ్రీ అని ఇంకో కన్వెన్షన్ ఉంది. అది 2020 మేలో ఆన్‌లైన్లోనే పుట్టింది. విరాళం అడుగుతారు గానీ తప్పనిసరి చేయలేదు. రకరకాల దేశాల టైమ్‌కి సరిపడేలా కార్యక్రమాలు పెడతారు, నిద్ర మిగులుతుంది.

ఎందులో చేరినా ఫిల్క్ గది ఉంటే మాత్రం ఒకసారి తొంగి చూడండి. ఫిల్క్ అంటే సైన్స్ ఫిక్షన్ అభిమానులు కట్టుకునే పాటలు. ఫోక్ అని టైప్ చేయబోయి ఎవరో తప్పు కొడితే ఆ పేరే ఖాయమైంది. జూమ్‌లో గొంతులు తలో క్షణం ఆలస్యంగా చేరతాయి కాబట్టి కలిసి పాడటం కుదరదు. ఒక్కరు గిటార్‌తో పాడుతుంటే మిగతావాళ్లంతా మ్యూట్‌లో ఉండి, ఎవరి డబ్బాలో వాళ్లు తల ఊపుతూ, చప్పుడు లేకుండా నోరు తెరిచి పాడుతుంటారు. నాకు పాట రాదు. అయినా పాడాను.