జ్ఞాపకశక్తి అధ్యయనంలో పద్ధతిని, చరాలను (మారే అంశాలను) గుర్తించడం ఎలా?

పరిశోధకులు కావాలని దేన్ని మార్చారో ముందు చూడండి. అలా మార్చినది ఉంటే అది ప్రయోగం. దేన్నీ మార్చకుండా, ఉన్నవాటిని కొలిచి పోల్చితే సహసంబంధ అధ్యయనం.

1975లో మనస్తత్వవేత్తలు గాడెన్, బాడ్లీ చేసిన ప్రయోగాన్నే తీసుకోండి. స్కూబా డైవర్లకు 36 పదాలను ఒడ్డున గానీ నీటి అడుగున గానీ వినిపించి, తర్వాత ఈ రెండు చోట్లలో ఒకచోట గుర్తున్నవి రాయమన్నారు. ప్రతి డైవరూ నాలుగు పరిస్థితుల్లోనూ పాల్గొన్నాడు. ఇక్కడ స్వతంత్ర చరాలు, అంటే పరిశోధకులు మార్చినవి, రెండు: నేర్చుకున్న చోటు, గుర్తుచేసుకున్న చోటు. పరీక్షలో ఒక్కదానితో ఆగిపోతే మార్కులు పోతాయి. పరతంత్ర చరం, అంటే కొలిచినది, సరిగ్గా రాసిన పదాల సంఖ్య. ‘జ్ఞాపకశక్తి’ అని ఊరికే రాస్తే చాలదు. ఒడ్డున విని ఒడ్డునే రాసినప్పుడు సగటు 13.5, నీటిలో రాసినప్పుడు 8.6.

మరి, నీటిలోకి దిగే హడావిడే మరపుకు కారణమైతే? నాకు బాగా నచ్చిన భాగం ఇదే. రెండో ప్రయోగంలో ఒడ్డున పదాలు విన్నవారిని మధ్యలో నీటిలో దించి, తిరిగి ఒడ్డుకు రప్పించి రాయించారు. ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే, అడ్డొచ్చే చరమని (ఫలితాన్ని తారుమారు చేసే వేరే అంశమని) అనుమానించిన ఆ హడావిడి కారణం కాదని తేలింది.