ఆటిజం సంగతి కొత్త యజమానికి చెప్పాలా?

ప్రశ్న: మాది కావలి. చిన్నతనంలోనే ఆటిజం ఉందని తేలిన మా అబ్బాయి బీకాం కంప్యూటర్స్ పూర్తి చేసి, నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ఎగుమతి సంస్థలో అకౌంట్స్ పనికి చేరాడు. లెక్కల్లో తప్పులు లేవంటూనే, ఫోన్లు ఎత్తడని, చెప్పింది అర్థం చేసుకోడని, ఎవరితోనూ కలవడని కొన్ని నెలలకే మాన్పించారు. తరువాతి చోట ఈ విషయం ముందే చెప్పాలా, దాచాలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ లేఖలో లెక్కల్లో తప్పులు లేవన్న మాటే నన్ను ముందుగా ఆకర్షించింది. ఎగుమతి కార్యాలయంలో ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, షిప్పింగ్ బిల్లు మూడింటిలోనూ బరువులు, పెట్టెల సంఖ్య ఒకదానితో ఒకటి సరిపోవాలి. అంకె తేడా వస్తే సరుకు రేవులో ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. అలాంటి పని తప్పు లేకుండా చేసేవాడిని ఫోను ఎత్తలేదని వదులుకోవడం ఆ సంస్థకే నష్టమని నా అభిప్రాయం.

‘చెప్పింది అర్థం చేసుకోడు’ అన్న ఫిర్యాదులో చెప్పినవారి పాత్ర ఎంతో కూడా చూడాలి. ‘ఆ కాగితాలు కాస్త చూసి పెట్టు’ అంటే సరిచూడమనా, సంతకానికి పంపమనా, ఎప్పటిలోగా అన్నది ఆ మాటలో లేదు. మిగిలినవారు గొంతును, సందర్భాన్ని బట్టి ఊహించుకుంటారు. ఆటిజం ఉన్నవారిలో చాలామందికి ఆ ఊహే కష్టం. అలాగే రెండు ఫోన్లు, ప్రింటరు, పక్కవారి మాటలు ఒకేసారి చెవిన పడితే కొందరికి పని మీద దృష్టి నిలవదు. దానిని నిర్లక్ష్యమని అనుకోవడం సరికాదు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. దివ్యాంగుల కోటాకు దరఖాస్తు చేస్తే అందులోనే తెలపాలి. మిగతా చోట్ల బయోడేటాలో రాయనక్కర లేదు; ఎంపికైన తరువాత, చేరడానికి ముందు చెప్పడం మంచిది. ఆటిజం అన్న పేరొక్కటే చెబితే యజమాని తనకు తోచినట్లు భయపడతాడు. కాబట్టి పేరుతో పాటు ఏమి కావాలో కూడా రాసి ఇవ్వాలి: పనులు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో గడువుతో సహా రాసి పంపడం, కూర్చునే చోటు గోడ వైపు ఉండటం, సందేహం వస్తే అడగడానికి ఒకే ఒక వ్యక్తిని చూపించడం, ఫోన్ల బాధ్యత వేరొకరికి అప్పగించడం. వీటిలో ఖర్చుతో కూడినది దాదాపు ఏదీ లేదు.

ఈ మాటలు మీ అబ్బాయే చెప్పాలి. తల్లి వెంట వెళ్లి ‘మావాడు కాస్త అమాయకుడు, చూసుకోండి’ అంటే, ఆ రోజు నుంచి అతడు ఆ కార్యాలయంలో ఉద్యోగిగా కాక పెంచుకోవలసిన పిల్లవాడిగా మిగులుతాడు. అసలు చెప్పడం అతడికి ఇష్టమేనా అన్నది మీ లేఖలో లేదు, ముందుగా అడగండి.

చట్టం కూడా తెలుసుకోవాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఈ చట్టం కింద కనీసం 4 శాతం రిజర్వేషన్ ఉండగా, అందులో 1 శాతం ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారందరికీ కలిపి కేటాయించారు. దానికి 40 శాతానికి తగ్గని వైకల్యమున్నట్లు ధ్రువపత్రం కావాలి. ఆ ధ్రువపత్రం కోసం వైకల్య శాతాన్ని వైద్యులు నిర్ధారించే సదరం శిబిరానికి మీ సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు బుక్ చేయించండి. చిన్నప్పటి వైద్య పత్రాలన్నీ వెంట తీసుకువెళ్లండి. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలని ఆ చట్టం చెబుతోంది. చిన్న సంస్థల్లో దాని పేరు విన్నవారు తక్కువే, అందుకే రాసి ఇచ్చే ఉత్తరం మీద నాకు నమ్మకం ఎక్కువ.

సాఫ్ట్‌వేర్ సంస్థ శాప్ 2013లో ఆటిజం ఉన్నవారిని చేర్చుకోవడానికే ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. మన దగ్గర ఆడిటర్ కార్యాలయాలు, గ్రానైట్, ఆక్వా సంస్థల అకౌంట్స్ విభాగాలు అంత దూరం వెళ్లకపోయినా, ఇంటర్వ్యూలో మాటలకు బదులు పనితో పరీక్షించమని అడగవచ్చు. ఒక నెల పాత బిల్లులు ఇస్తే ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, తేడాలు పట్టి చూపిస్తానని మీ అబ్బాయే అడగాలి. ఆ అవకాశమైనా ఇవ్వని చోట బతిమాలి చేర్పించవద్దు.