బోటు మీటర్ వివాదంలో షాపాయన చెప్పిన మాటే మీకు బలం

ప్రశ్న: మాది బోయిన్‌పల్లి. నాగార్జునసాగర్‌లో అన్నదమ్ములం ఇద్దరం చిన్న మోటారు బోటు నడుపుకుని బతుకుతున్నాం. రెండు నెలల కిందట రాణిగంజ్‌లో ఒక షాపులో రూ.6,800 పెట్టి కొత్త స్పీడోమీటర్ కొన్నాం. మా బోటు నెమ్మదిగా పోతుందని వాట్సాప్‌లో ముందే చెబితే, 'ఏ బోటుకైనా పనికొస్తుంది' అని ఇచ్చారు. బోటు వెనక నీళ్లలో ఉండే చిన్న గొట్టం నుంచి సన్న పైపు డయల్‌కు వస్తుంది. డయల్ మీద 80 దాకా అంకెలున్నాయి. ఫోనులో 12 కిలోమీటర్లు చూపిస్తున్నా దీని ముల్లు సున్నా దగ్గరే ఉంటోంది. వాపసు అడిగితే బిల్లు మీద 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఉందిగా అంటున్నారు. కేసు వేస్తే నిలుస్తుందా?

జవాబు: నిలుస్తుంది. అయితే ఫిర్యాదులో 'మీటర్ పాడైంది' అని ఒక్కటే రాస్తే ఓడిపోవచ్చు.

మీరు కొన్నది పిటాట్ గొట్టం రకం. ఎదురొచ్చే నీటి ఒత్తిడిని బట్టి ముల్లు కదులుతుంది. ఆ ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది, అంటే వేగం సగమైతే ఒత్తిడి పావు వంతే మిగులుతుంది. మీ డయల్ గరిష్ఠం 80. మీరు 12లో పోతున్నప్పుడు గొట్టంలోకి వచ్చే ఒత్తిడి, 80 దగ్గర వచ్చేదాంట్లో నలభయ్యో వంతు కూడా ఉండదు. ముల్లు కదలకపోవడం ఆ రకం మీటర్ స్వభావం. వినియోగదారుల కమిషన్ దాన్ని పరీక్షకు పంపితే 'లోపం లేదు' అని రిపోర్టు వచ్చినా ఆశ్చర్యం లేదు.

అందుకే మీ కేసు 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్ మీద నిలబడాలి. ఏ అవసరానికో చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొన్నప్పుడు, ఆ అవసరానికి సరుకు తగినదై ఉండాలన్నది బిల్లులో రాయకపోయినా వర్తించే షరతు. దీనికో మినహాయింపు ఉంది: ఫలానా బ్రాండు, ఫలానా మోడలే కావాలని మీరే అడిగి తీసుకుని ఉంటే ఈ రక్షణ దొరకడం కష్టం. మీరు అడిగింది సలహా. ఆ వాట్సాప్ సంభాషణ మీ కేసుకు ప్రాణం. డిలీట్ చేయకండి, ఫోను మార్చినా పాతది దాచండి.

'వాపసు తీసుకోబడదు' అన్న ముద్రకు బెదరక్కర్లేదు. లోపమున్న సరుకును, బిల్లులో గడువు రాసి ఉంటే ఆ లోపు, లేకపోతే 30 రోజుల్లోపు వాపసు తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. పనికిరాని సరుకును పనికొస్తుందని చెప్పి అమ్మడం కూడా అదే కోవలోకి వస్తుంది. మీకు సరిపోయేది ఈ రెండోదే.

'మీరు వ్యాపారానికి కొన్నారు, వినియోగదారులు కారు' అని అవతలివాళ్లు తప్పకుండా వాదిస్తారు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొన్నవారిని చట్టం వినియోగదారులుగానే చూస్తుంది. బోటు మీరిద్దరే నడుపుతున్నారన్న సంగతి ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

షాపుకు నోటీసు పంపే ముందు ఒక పని చేయండి. గొట్టం రంధ్రంలో నాచు, ఇసుక, తెగిన వల దారం ఇరుక్కుని ఉందేమో సన్న తీగతో చూడండి. పైపు డయల్‌కు తగిలించి ఉండగా కంప్రెసర్ గాలి కొట్టొద్దు, మీటర్ నిజంగానే పోతుంది, తప్పు మీ మీదికి వస్తుంది. శుభ్రం చేశాక, నీళ్లు నిలకడగా ఉన్న చోట ఫోనూ డయలూ ఒకే ఫ్రేములో పడేలా పోతూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి వీడియో తీయండి. ప్రవాహంలో తీస్తే ఆ పోలిక చెల్లదు. ఫోను నేలతో పోల్చి వేగం చూపిస్తుంది, పిటాట్ నీటితో పోల్చి చూపిస్తుంది.

తర్వాత 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తేలకపోతే, మీరు ఉండేది హైదరాబాద్‌లోనే కాబట్టి ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. మీటర్ ధరతో పాటు బిగింపు ఖర్చూ అడగండి.

ఈలోపు బోటు ఆపుకోనక్కర్లేదు. మీ వేగాలకు జీపీఎస్ మీటర్ కొనండి. నీళ్లలో గొట్టం ఉండదు, నెమ్మదిగా పోయినా చూపిస్తుంది. డ్యాష్‌బోర్డు రంధ్రం కొలత, 12 వోల్టుల సరఫరా, డయల్ కిలోమీటర్లలో ఉందా నాట్లలో ఉందా (ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు) చూసుకుని, మీ బోటు వేగం, మీటర్ ఏ పనికో బిల్లు మీదే రాయించుకోండి. పాతదాన్ని మెకానిక్ ఎదుట విప్పించి, ఆయన సంతకంతో కాగితం రాయించుకుని డబ్బాతో సహా దాచండి. రసీదు ఇవ్వకుండా 'చూసి చెబుతాం' అంటే మాత్రం షాపుకు అప్పగించకండి.