పియానో తీగలతో కొత్త శబ్దాలు వెతికేటప్పుడు

అమ్మా,

గ్రాండ్ పియానో మూత తెరిచి లోపలి తీగలతో ప్రయోగాలు చేస్తానని రాశావు, చాలా సంతోషమేసింది. తీగల మధ్య దూర్చడానికి మరలు, రబ్బరు ముక్కలు అప్పుడే సిద్ధం చేసుకున్నానన్నావు కదా, వాటిని కొన్నాళ్లు పక్కన పెట్టు. ముందు వట్టి చేతులతో మొదలుపెట్టు. ఏ తీగను ఎక్కడ ముట్టుకుంటే ఎలా పలుకుతుందో చెవికి తెలియకుండా మర దూర్చితే ఏదో ఒక గరగర వస్తుంది గానీ నీకు కావలసిన శబ్దం రాదు.

చేతులు కడుక్కుని బాగా ఆరనివ్వు. చెమట తగిలితే ఉక్కు తీగ తుప్పు పడుతుంది, మంద్రంలో రాగి చుట్టిన తీగలు నల్లబడతాయి. డ్యాంపర్లు, అంటే తీగల మోతను ఆపే మెత్తలు, వాటి ఫెల్టు జోలికి మాత్రం వెళ్లకు.

మంద్రంలో ఒక తీగను సరిగ్గా సగం దగ్గర వేలితో తేలిగ్గా తాకి, రెండో చేత్తో దాని మెట్టు నొక్కు, పై స్థాయి స్వరం పలుకుతుంది. మూడో వంతు దగ్గర తాకితే పై స్థాయి పంచమం. వేలు కాస్త జరిగినా స్వరం మూగబోతుంది కాబట్టి, దొరికిన చోటు పక్కనే తీసేయగల చిన్న కాగితం గుర్తు పెట్టుకో. ఆ చోట్లు ఒక పియానోలో ఉన్నట్టు ఇంకో దానిలో ఉండవు, ఒక్కోసారి లోపలి ఇనప చట్రం అడ్డమే వస్తుంది.

తర్వాత డ్యాంపర్లన్నిటినీ తీగల మీంచి లేపే కుడి పెడల్ నొక్కి ఉంచి రాగి తీగ పొడవునా వేలి కొసతో, ఆ తర్వాత గోరుతో రాస్తూ వెళ్లు. అమెరికన్ స్వరకర్త హెన్రీ కోవెల్ 1925లో ‘ది బాన్షీ’ అనే రచన అంతా ఇలా తీగల మీదే వాయించేలా రాశాడు, మెట్ల దగ్గర కూర్చున్న రెండో మనిషి పని పెడల్ నొక్కి ఉంచడమే. వేలితో అయితే మూలుగులా, గోరుతో అయితే కీచుగా వస్తుంది. నాకు ఇప్పటికీ అన్నిటికన్నా ఇష్టమైన శబ్దం ఇదే, దీని మీద ఎన్ని రోజులు గడిపినా తక్కువే!

ఇక మరల సంగతి. మరో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ ‘సొనాటాస్ అండ్ ఇంటర్‌లూడ్స్’ అనే రచన కోసం 45 స్వరాలకు ఇలా వస్తువులు అమర్చాడు, ఏ వస్తువు డ్యాంపర్ నుంచి ఎంత దూరంలో ఉండాలో కూడా కొలతలతో రాసిపెట్టాడు. నువ్వూ అలాగే రాసుకో, అర అంగుళం జరిగినా శబ్దం మారిపోతుంది. దూర్చేటప్పుడు కుడి పెడల్ నొక్కి ఉండాలి, లేకపోతే డ్యాంపర్లు వంకరపోతాయి. తీగల మధ్య సందును చెక్క పుల్లతో మెల్లగా తెరువు, బలవంతం చేస్తే శ్రుతి పోతుంది. రాగి తీగల మధ్య ఉక్కు మర వద్దు, రబ్బరు చాలు. ఒకే స్వరానికి మూడు తీగలున్న చోట రెండో తీగకూ మూడో తీగకూ మధ్య మర పెట్టి చూడు: మామూలుగా కొడితే మొదటి తీగ అసలు స్వరం కూడా కలిసి వినిపిస్తుంది, ఎడమ పెడల్ నొక్కితే సుత్తి పక్కకి జరిగి మర ఉన్న తీగలనే కొడుతుంది. అంటే ఒక్క మెట్టుకు రెండు గొంతులు.

నైలాన్ దారానికి రోజిన్ (వయొలిన్ కమానుకు పట్టించే గుగ్గిలం లాంటిది) రాసి తీగ కింద నుంచి లాగడం చివరికి ఉంచుకో, ఆ పొడి డ్యాంపర్లకు అంటితే వదిలించడం కష్టం.

పని అయ్యాక అన్నీ తీసి, ఒక్కో మెట్టూ నొక్కి విను. ఎక్కడైనా శ్రుతి తేడాగా ఉంటే ట్యూనర్‌ని పిలిపించి, లోపల ఏమేం పెట్టావో దాచకుండా చెప్పు.