పాటలు రాస్తానంటున్నాడు, హైదరాబాద్ పంపమంటారా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. కిరాణా కొట్టు ఉంది. మావాడు ప్లస్ టూ సైన్సు అయ్యాడు. భువనేశ్వర్‌లో ప్రైవేటు కాలేజీలో బీటెక్ సీటు వచ్చింది. వాడేమో సినిమాలకీ నాటకాలకీ పాటలు రాస్తాను, హైదరాబాద్‌లో ఏడాది ఫిల్మ్ కోర్సులో చేర్పించమంటున్నాడు. ఒడియా మీడియంలో చదివినవాడికి తెలుగు సినిమాలో చోటుంటుందా? రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: పోలుస్తాను. కానీ మీకు నిద్ర పట్టనివ్వనిది ఈ ప్రశ్న కాదనిపిస్తోంది. వీడికి నిజంగా పాట వచ్చా, లేక లెక్కలంటే భయపడి పాట వెనక దాక్కుంటున్నాడా? ఇటు రాయగడ నుంచైనా, అటు మహారాష్ట్రలో కిన్వట్ నుంచైనా నాకు రాసే తల్లిదండ్రులు పైకి అడగలేకపోయేది ఇదే. ఆ అనుమానం తప్పు కాదు. అయితే ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. కాలేజీ ఫీజు, హాస్టల్ ఖర్చు, కోర్సు ఫీజు, అన్నీ పైసలతో సహా మీ ఉత్తరంలో రాశారు (ఆ లెక్కలు ఇక్కడ వేయలేదు). వాడు రాసిన పాటలోంచి ఒక్క పాదం కూడా రాయలేదు. చదివారా అసలు? చదవకుండానే పనికిరాదని ఎలా తేల్చారు?

వాడిలో సరుకు ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. సినిమాలో చాలాసార్లు బాణీ ముందు పుడుతుంది. తననా అనో, అర్థం లేని డమ్మీ మాటలతోనో పాడిన ట్రాక్ ఫోన్‌కి వస్తుంది. సందర్భం రెండు ముక్కల్లో చెబుతారు. ఆ కొలతలో మాట ఒదగాలి, పాడేవాళ్ల నోటికి అడ్డు పడకూడదు. నాలుగు పల్లవులు రాస్తే నాలుగూ వద్దంటారు. ఐదోది బాగుందన్నాక దర్శకుడు ఆ సీనే ఎత్తేస్తాడు. కాబట్టి మీవాడికి ఏదైనా ఒడియా పాట బాణీ ఇచ్చి, మీ కొట్టు దగ్గర బస్తాలు దించే హమాలీ పాడుకునేలా తెలుగులో రాయమనండి. రెండు రోజులు గడువు పెట్టండి. తెచ్చాక బాగాలేదు, మళ్లీ రాయమనండి. మూడోసారి కూడా విసుక్కోకుండా కూర్చున్నాడంటే అది లెక్కల భయం కాదు.

ఇక ఆ ఏడాది కోర్సు. ఇప్పుడిదొక మోజు. నాకు మాత్రం మొదటి నుంచీ అనుమానమే. కెమెరా, ఎడిటింగ్, సౌండు, ఇవి యంత్రాల మీద నేర్చుకోవలసినవి, వాటికి మంచి సంస్థలో శిక్షణ అవసరం. పాటకు కావలసింది కాగితం, చెవి, చదువు. బాణీ కట్టే సిట్టింగ్‌లో కూర్చున్న సంగీత దర్శకుడు సర్టిఫికెట్ చూపించమని అడగడు. లక్షలు కట్టించుకుని పరిచయాలు చేయిస్తామనే వాళ్లుంటారు. ఆ పరిచయాలు ఎంతవరకు పనికొచ్చాయో హైదరాబాద్ కృష్ణానగర్‌లో అద్దె గదుల్లో ఉంటున్న కుర్రాళ్లని అడగండి, మీవాడిని కూడా వెంట తీసుకెళ్లి. యూట్యూబ్ ఛానళ్లకు పాట అమ్మడం ఇంకో దారి. తప్పు లేదు, చెయ్యి తిరుగుతుంది. కాకపోతే వ్యూస్ లక్షల్లో ఉన్నంత మాత్రాన రాసినవాడి ఇంటి అద్దె గడవదు.

పేరున్నవాళ్లు ఎలా వచ్చారో చూడండి. సిరివెన్నెల సీతారామశాస్త్రి టెలిఫోన్ శాఖలో పనిచేశారు. సుద్దాల అశోక్ తేజ బడిలో పాఠాలు చెప్పారు. వేటూరి పత్రికల్లోంచి వచ్చారు. 2023లో ఆస్కార్ అందుకున్న చంద్రబోస్ ఇంజినీరింగ్ చదివారు. పింగళి నాగేంద్రరావు, ఆత్రేయ అయితే నాటకాలు రాసి రాసి సినిమాకు వెళ్లారు.

నాటకాలకూ రాస్తానని మీవాడు అన్నాడు గానీ మీరు పట్టించుకున్నట్టు లేదు. నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది దాని మీదే. సినిమాలో పాట రాసినవాడికి జనం మొహం కనిపించదు. నాటకంలో చరణం సాగితే ముందు వరుసలోవాళ్లు దగ్గుతారు, అప్పటికప్పుడు తెలుస్తుంది. పక్కనే పాతపట్నం, టెక్కలి, పలాస ఉన్నాయి. ఆంధ్రాలో నాటక పరిషత్తుల పోటీలకు వెళ్లే నాటక సమాజాలు ఉన్నాయి. ఏదో ఒక సమాజంలో హార్మోనియం పక్కన కూర్చోమనండి, అవసరమైతే తెర లాగమనండి. వాడికి ఒడియా కూడా వచ్చు కదా. ఊరూరా తిరిగి నాటకాలాడే ఒడియా జాత్రా కంపెనీలకు పాటలు కావాలి. మీ పక్క గంజాం జిల్లాలో ప్రహ్లాద నాటకం ఇప్పటికీ ఆడుతున్నారు. హైదరాబాద్ కుర్రాడికి లేని రెండో తలుపు ఇది.

ఒడియా మీడియం అన్నది మీ బెంగ, వాడిది కాదు. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పింది మీ ఊళ్లోనే. కాకపోతే సినిమా పాటలు తప్ప వేరే తెలుగు చదవనివాడైతే కష్టమే. పోతన, వేమన, గురజాడ, కొసరాజు చదవాలి. చదువుతున్నాడేమో అడగండి.

పోలిక అడిగారు కాబట్టి: లెక్కలు నిజంగా రానివాణ్ని బీటెక్‌లోకి తోస్తే బ్యాక్‌లాగులే మిగులుతాయి. వస్తే చదవనివ్వండి, పాటకేమీ అడ్డురాదు. రాకపోతే మీ ఊళ్లోనే ప్లస్ త్రీ ఆర్ట్స్, అంటే మూడేళ్ల డిగ్రీ, చేయించండి. డిగ్రీ అయ్యాక విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలోనో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో రంగస్థల కళల పీజీ ఉంది. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకి డిగ్రీతో పాటు నాటకానుభవం అడుగుతారు, అది ఈ మూడేళ్లలో వస్తుంది. ఏడాది కోర్సుకు ఇప్పుడు డబ్బు కట్టొద్దు. నాన్నే వద్దన్నాడని వాడు అలిగితే నా పేరు చెప్పండి.

మీరు చేయగలిగిన పని ఇంకొకటుంది. మొదటి పాట కుదిరిన రోజున అగ్రిమెంటు మీరు చదవండి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించడం మినహా, మరెక్కడ ఆ పాట వాడుకున్నా వచ్చే రాయల్టీలో రాసినవాడికి సమాన వాటా ఉంటుంది. ఆ హక్కు వదులుకుంటున్నానని సంతకం చేయించుకున్నా చెల్లదు. సినిమా కాని ఆల్బమ్‌కీ ఇదే రక్షణ. 1969 నుంచి ఉన్న ఐపీఆర్‌ఎస్ అనే సంస్థ ఈ రాయల్టీలు వసూలు చేసి సభ్యులకు పంచుతుంది. పాట విడుదల కాగానే మీవాణ్ని అందులో చేరమనండి. కొత్త కుర్రాళ్లు పేరు పడితే చాలని ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తారు. రోజూ బిల్లులు చూసే మీకు ఆ కాగితంలో మెలిక ఎక్కడుందో వాడికంటే ముందే కనిపిస్తుంది.