వియ్యపురాలితో ఒకే పళ్లెమా?

తిండి ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలకు హనుమకొండ రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్ జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. మాది నయీంనగర్. మా బిడ్డ, అల్లుడు అమెరికాలో వాషింగ్టన్ పక్కన సిల్వర్ స్ప్రింగ్‌లో ఉంటారు. వచ్చే నెల మేమూ, మా వియ్యంకుల వాళ్లూ కలిసి వెళ్తున్నాం. వాళ్ల ఇంటి దగ్గర ఒక చిన్న ఇథియోపియా హోటల్ ఉందట. రాగానే అక్కడికే తీసుకెళ్తానని అల్లుడు ఫోన్ చేసినప్పుడల్లా అంటున్నాడు. అక్కడ అందరికీ కలిపి ఒకటే పెద్ద పళ్లెం పెడతారట. మా వియ్యపురాలు నీసు ముట్టరు, ఎంగిలి పట్టింపు కూడా ఎక్కువే. నాకు ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది. అక్కడ పుల్లట్లు పెడతారని మా ఆయన అంటున్నారు, నిజమేనా? అసలు మేం తినగలమా?
(ఒక తల్లి, హనుమకొండ)

జవాబు: తినగలరు అక్కా, నిశ్చింతగా తినగలరు. అందరిలోకీ తృప్తిగా తినేది మీ వియ్యపురాలే అయినా నేను ఆశ్చర్యపోను. ఇథియోపియాలో ఆర్థడాక్స్ క్రైస్తవులకు బుధవారం, శుక్రవారం ఉపవాసం. ఈస్టర్‌కు ముందు 55 రోజుల దీక్ష ఉంటుంది. ఆ రోజుల్లో మాంసమే కాదు, గుడ్డు, పాలు, నెయ్యి కూడా ముట్టరు. అంతమంది, ఏడాదిలో అన్ని రోజులు అలా తింటుంటే పప్పులు, కూరలు వండడంలో వాళ్ల చేయి ఎంతగా తిరిగి ఉంటుందో చూడండి. నేను ఇథియోపియాలోని బహిర్ దార్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన రోజుల్లో బుధవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని. మిగతా రోజుల్లో హోటల్‌కు వెళ్తే మాంసం లేనిది ఏముందని అడగాలి. ఉపవాసం రోజున ఆ అవసరమే ఉండదు.

ఆ ఉపవాసం పళ్లేన్ని అక్కడ 'యెత్సోమ్ బెయాయ్‌నెతు' అంటారు. అమెరికాలో మెనూ మీద సాధారణంగా 'వెజ్జీ కాంబో' అని రాస్తారు. ఆ రోజు అందరికీ అదే తెప్పించమని అల్లుడికి ఇప్పుడే చెప్పి పెట్టండి. మాంసం కూర, పప్పు ఒకే పళ్లెంలో తెప్పిస్తే రసాలు అడుగు రొట్టెలోకి దిగి కలిసిపోతాయి, ఇక మీ వియ్యపురాలు చేయి పెట్టలేరు. మాంసం కావాలనే వాళ్లు వేరే పళ్లెం తెప్పించుకోవాలి. గొమెన్ అనే ఆకుకూరను మాంసం వేసి వండే పద్ధతి కూడా ఉంది కాబట్టి దాని గురించి ఒక్క మాట అడగండి. వాళ్ల మాంసం వంటల్లో గొడ్డు మాంసం ఎక్కువ. కిత్ఫో అంటే గొడ్డు మాంసం ఖీమా, అదీ పచ్చిది. తిబ్స్ అంటే వేపుడు, ఏ మాంసమో అడిగి తెలుసుకోవాలి. దోరో వత్ కోడికూర, అందులో ఉడికించిన గుడ్డు కూడా ఉంటుంది. పంది మాంసం మాత్రం వాళ్లు వండరు.

ఇక మీవారు చెప్పిన పుల్లట్టు. దాని పేరు ఇంజెరా. పులిసిన పిండే, పుల్లగానే ఉంటుంది, పోలిక అంతవరకే. కరకరలాడుతుందని ఆశపడకండి, మెత్తగా, తడిగా, చల్లారిపోయి ఉంటుంది, అది అలాగే ఉండాలి. టెఫ్ అనే గింజతో చేస్తారు. గింజ మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, గుప్పిట్లో పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. పప్పు కలపరు. పాత పిండి మీద తేరిన పసుపుపచ్చ నీళ్లను తోడుగా వేసి రెండు మూడు రోజులు పులియబెడతారు. మా ఇంటి ఓనరమ్మ ఇంజెరాలు కాల్చే రోజు నేను పక్కనే పీట వేసుకుని కూర్చునేదాన్ని. మితాద్ అని మట్టి పెనం, మన పెనానికి రెండింతలు ఉంటుంది. ఆమె పిండిని అంచు దగ్గర మొదలుపెట్టి సన్నటి ధారగా, సుళ్లు సుళ్లుగా తిప్పుతూ మధ్యకు పోసేది. కాసేపటికే పైన సన్నటి బొక్కలు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి, వాటిని వాళ్లు కళ్లంటారు. అవి పూర్తిగా విచ్చుకున్నాక మూత పెడుతుంది. ఆవిరికే పైభాగం ఉడుకుతుంది, తిరగేయడం ఉండదు. మూత తీసేసరికి అంచులు వాటంతటవే పైకి లేస్తాయి. అప్పుడు గడ్డితో అల్లిన పల్చటి తడక కిందికి తోసి, చిరగకుండా ఒక్క లాగుడుతో బయటికి తీస్తుంది. కళ్లు దగ్గర దగ్గరగా, సమంగా వస్తేనే ఆ ఇల్లాలికి వంట వచ్చినట్టు లెక్క. కూర రసాన్ని పట్టి నిలిపేది ఆ కళ్లే. మీ ముందుకు పళ్లెం వచ్చినప్పుడు ముందు అవి చూడండి.

పళ్లెం నిండా ఒక ఇంజెరా పరిచి, దాని మీద కూరలు కుప్పలుగా వడ్డిస్తారు. ఎర్రటిది మిసిర్ వత్, మసూర్ పప్పు, కారంగా ఉంటుంది. పసుపుపచ్చది కిక్ అలిచా, బఠాణీ పప్పు, కారం ఉండదు. ఆకుకూర, క్యాబేజీ ఆలుగడ్డ కలిపి వండినది, కొన్నిచోట్ల బీట్‌రూట్. నాకన్నిటికంటే ఇష్టం షిరో, శనగల పిండితో చిక్కగా చేస్తారు. ఒక్కోచోట దాన్ని మట్టి గిన్నెలో కుతకుతలాడుతుండగానే తెచ్చి పెడతారు.

ఎంగిలి సంగతి దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. ముందు చేతులు కడుక్కుంటారు. అక్కడి ఇళ్లల్లో అయితే చెంబు, గిన్నె పట్టుకుని మన దగ్గరికే వచ్చి నీళ్లు పోస్తారు. కుడి చేత్తో ఇంజెరా ముక్క తుంచి, ఆ ముక్కతోనే కూరను పట్టి, మడిచి నోట్లో పెట్టుకోవాలి. వేళ్లు పెదాలకు తగలనివ్వరు. వేళ్లు నాకడం అక్కడ చాలా పెద్ద తప్పు. ఎవరి ముందున్నది వాళ్లు తింటారు, అవతలి వాళ్ల వైపు చేయి చాపరు. తుంచుకోవడానికి పక్కన విడిగా చుట్టిన ఇంజెరాలు పెడతారు. అంటే, నోటికి వెళ్లింది ఏదీ మళ్లీ పళ్లేనికి రాదు. మనం అన్నం కలిపినట్టు పళ్లెంలో చేయి పెట్టి కలిపే పని లేదు. ఈ మాట మీ వియ్యపురాలికి హోటల్లో అందరి ముందు కాదు, ఇంట్లో ఉన్నప్పుడే నెమ్మదిగా చెప్పండి. అప్పటికీ మనసొప్పకపోతే చిన్న ప్లేటు అడిగి ఆమెకు ముందుగా తీసి పెట్టండి. ఎవరూ ఏమీ అనుకోరు.

అయినా నా మనసులో మాట చెప్పాలి. ఆమె ఆ పళ్లెం దగ్గర కూర్చోవాలనే నేను కోరుకుంటాను. మాది పరకాల దగ్గర పల్లె. నా చిన్నప్పుడు పొలం పనికి వచ్చిన కొందరికి వేరే పళ్లెం, వేరే గ్లాసు ఉండేవి. వాటిని ఇంట్లోకి తేకుండా కొట్టం గోడ పక్కన బోర్లించి పెట్టేవాళ్లు. తాగడానికి నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు. అది శుభ్రం కోసం కాదని ఆ వయసులోనే నాకు తెలుసు, అడిగితే పెద్దవాళ్లు కసిరేవాళ్లు. అలాంటి ఊరిదాన్ని, బహిర్ దార్‌లో ఒక సహోద్యోగి ఇంటికి భోజనానికి వెళ్తే వాళ్లమ్మ నా పక్కనే కూర్చుని ఇంజెరాలో షిరో చుట్టి, పెద్ద ముద్ద చేసి నా నోటికి అందించింది. దాన్ని గుర్షా అంటారు. ముద్ద ఎంత పెద్దదైతే అంత ప్రేమ ఉన్నట్టు. నాది ఏ కులమో, ఏ దేవుడికి మొక్కుతానో ఆమె అడగలేదు. సద్దుల బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద ఎవరి డబ్బాలోని మలీద ఎవరి చేతిలో పడిందో లెక్క చూసుకోం కదా, వాళ్ల పళ్లెం దగ్గర రోజూ అలాగే ఉంటుంది.

వాళ్లలో పట్టింపులు లేవని కాదు. క్రైస్తవులు కోసిన మాంసం ముస్లింలు, ముస్లింలు కోసింది క్రైస్తవులు మామూలుగా తినరు. మా డిపార్ట్‌మెంట్‌లో రెండు మతాల వాళ్లూ ఉండేవాళ్లు. అందరం కలిసి తినాలనుకున్న రోజు ఉపవాసం పళ్లెమే తెప్పించేవాళ్లు, ఎవరికీ ఇబ్బంది లేకుండా. మీ రెండు కుటుంబాలకూ అదే తెప్పించమని నేను చెప్పడం వెనుక ఉన్నది ఆ అనుభవమే.

గుర్షా గురించి భయపడకండి, హోటల్ వాళ్లు వచ్చి నోట్లో పెట్టరు, మన వాళ్లకు మనం పెట్టుకునేదే. పెళ్లయిన కొత్తలో బిడ్డకు మీరు, కొడుక్కి ఆమె ఎన్ని ముద్దలు తినిపించి ఉంటారు! ఆ పళ్లెం దగ్గర ఒకరి బిడ్డకు ఇంకొకరు పెట్టండి. కోడలికి అత్త, అల్లుడికి మీరు.

హోటల్ చిన్నదంటున్నారు కాబట్టి ఇంకో మాట. 1974లో హైలే సెలాసీ చక్రవర్తిని దించి సైన్యం అధికారంలోకి వచ్చాక ఎంతోమంది ఇథియోపియా వదిలి వెళ్లిపోయారు. వాళ్లలో చాలామంది చేరింది వాషింగ్టన్ చుట్టుపక్కలకే. ఆ చిన్న హోటళ్లలో ఎక్కువ భాగం ఇంటివాళ్లు నడుపుకునేవే, వండేదీ వడ్డించేదీ ఇద్దరు ముగ్గురు. ఆలస్యమవుతుంది, తొందరపెట్టకండి. చివర్లో కాఫీ ఉందేమో అడగండి. ఉంటే ఆ పూట ఇంకే పనీ పెట్టుకోకండి. పచ్చి గింజల్ని మీ ముందే వేయించి, ఆ పొగ వాసన చూడమని మీ దగ్గరికే తెస్తారు. తర్వాత దంచి, సన్న మెడ ఉన్న జెబెనా అనే మట్టి కూజాలో కాచి, పిడి లేని చిన్న కప్పుల్లో పోస్తారు. సాంబ్రాణి వేస్తారు. మూడు వాయిలు ఉంటాయి: అబోల్, తోనా, బరకా. వాయి వాయికీ పలచనవుతుంది. మూడోది దీవెన. అది తాగకుండా లేవకండి.

ప్రశ్న: మా తమ్ముడు డల్లాస్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. సీలియాక్ జబ్బు వల్ల గోధుమ పడదు. ఇంజెరాలో గోధుమ ఉండదని స్నేహితులు చెప్పారట. తినొచ్చా?
(కాజీపేట)

జవాబు: సీలియాక్ ఉన్నవాళ్లకు పడనిది గ్లూటెన్, గోధుమలో, బార్లీలో ఉండే ప్రోటీన్. టెఫ్ గింజలో అది ఉండదు, ఆ మాట నిజం. కానీ హోటల్ ఇంజెరా అంతా టెఫ్‌తోనే చేస్తారనుకోవద్దు. ఖర్చు తగ్గడానికి, త్వరగా పొంగడానికి గోధుమ పిండో బార్లీ పిండో కలిపేవాళ్లు అమెరికాలో చాలామంది. తెల్లగా, దళసరిగా ఉన్నదాన్ని నేనైతే అనుమానిస్తాను. అలాగని రంగు చూసి నమ్మడానికీ లేదు, ముదురు రంగు దాంట్లోనూ కలపొచ్చు. నూటికి నూరుపాళ్లు టెఫ్‌తో చేసినది ఉందా, అదే పెనం మీద రెండో రకం కూడా కాలుస్తారా అని తమ్ముడు అడగాలి. కొన్ని హోటళ్లు ముందు రోజు చెబితే విడిగా చేసి పెడతాయి. సరైన జవాబు రాకపోతే ఆ పూట తినొద్దని చెప్పు నాన్నా, ఈ జబ్బుకు కొంచెమే కదా అనేది కుదరదు.

ప్రశ్న: మేడమ్, మీరు క్లాసులో మిసిర్ వత్ గురించి చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. మన దగ్గర దొరికే సామాన్లతో చేయొచ్చా?
(మీ పాత స్టూడెంట్, జగిత్యాల)

జవాబు: బ్రహ్మాండంగా చేయొచ్చు తల్లీ. దానికి కావాల్సిన ముఖ్యమైన కారప్పొడి బెర్‌బెరే. రంగు ఎర్రగా ఉండాలి, కారం నాలుకను కాల్చకూడదు. అందుకు మన వరంగల్ చపాటా మిర్చి కంటే మంచిది నాకు కనిపించలేదు. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది దానికే. ఎండు చపాటా తొడిమలు, గింజలు తీసి, సన్న సెగ మీద వెచ్చబెట్టు. ధనియాలు, కొంచెం మెంతులు, వాము, కలోంజి, మిరియాలు, రెండు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క విడిగా వేయించు. వాళ్లు కొరారిమా అనే యాలక వేస్తారు, దాని బదులు ఒక పెద్ద యాలక్కాయ గింజలు వేసుకో. అన్నీ కలిపి మెత్తగా పొడి కొట్టు. మెంతులు ఎక్కువైతే చేదెక్కుతుంది, జాగ్రత్త.

అసలు కష్టమంతా ఉల్లిగడ్డ దగ్గరే. ఒక గ్లాసు మసూర్ పప్పుకు మూడు పెద్ద ఉల్లిగడ్డలు, వీలైనంత సన్నగా తరుగు. మందపాటి గిన్నెలో నూనె లేకుండా వేసి సన్న సెగ మీద కలుపుతూ ఉండు. అడుగంటుతుంటే చెంచాడు నీళ్లు చల్లు. నూనెలో వేయిస్తే ముక్క ముక్కగా నిలుస్తుంది, ఇలా చేస్తే కరిగిపోయి పులుసుకు చిక్కదనం అదే ఇస్తుంది. కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది, మధ్యలో ఫోన్ పట్టుకోకు. తడి పోయి లేత గోధుమ రంగుకు వచ్చాక అప్పుడు నూనె పోయి, కాస్త ఎక్కువే. రెండు మూడు చెంచాల బెర్‌బెరే వేసి, మాడకుండా కొంచెం కొంచెం నీళ్లు పోస్తూ నూనె పైకి తేలేదాకా వేయించు. అల్లం, వెల్లుల్లి నూరి వెయ్యి. కడిగిన పప్పు వేసి వేడి నీళ్లు పోసి మెత్తగా ఉడికించు. పోపు పెట్టకు, చింతపండు వేయకు, ఆ రెండూ వేశావంటే అది మన పప్పే అవుతుంది. ఉప్పు చివర్లో.

ఇంజెరా కోసం తంటాలు పడొద్దు. మైదా, సోడా కలిపి చేసేదానికి ఆ పేరు పెట్టడం నాకు నచ్చదు. జొన్నరొట్టెతో తిను, చాలా బాగుంటుంది. పొద్దున చేసి రాత్రికి తింటే కారం పప్పుకు ఇంకా బాగా పడుతుంది.